జనవరి 2025 ఎలా గడిచింది? పండగ, ప్రయాణాలు, సినిమాలు

పాలపిట్ట (విజయవాడ)
ఫిబ్రవరి 2, ఆదివారం, ఉదయం 10.40

అందరికీ నమస్కారం. పండక్కి ఊళ్లు వెళ్లినవాళ్లంతా తిరిగి వచ్చేశారు. అరిసెల డబ్బాలు కూడా అడుగంటి ఉంటాయి. ఇప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం. జనవరిలో ఎక్కడెక్కడ తిరిగారు, ఏం చూశారు, ఏ సినిమాకు వెళ్లారు? ఎవరితో వెళ్లారో కూడా రాయండి. సినిమా బాగుందో లేదో చెప్పే రివ్యూలు బోలెడు దొరుకుతాయి. నాకు ఆ "ఎవరితో" అన్నదే వినాలని ఉంది.

మా సంగతి చెప్తాను. నెల మొదట్లో ఇందిరాగాంధీ స్టేడియంలో పుస్తక మహోత్సవానికి వెళ్లాం. మా అమ్మాయి ఆరో తరగతి. తెలుగు పుస్తకం అంటే పరీక్షకు చదివేదే అనుకునే పిల్ల, ఈసారి తనంతట తనే జానపద కథల పుస్తకం ఎంచుకుంది. పండక్కి వెళ్లేటప్పుడు బస్సులో సగం చదివేసింది. ఆ సగాన్ని వాళ్ల అమ్మమ్మకు కథలాగా చెప్పింది కూడా.

అమ్మావాళ్లది గుడివాడ వైపు పల్లె. భోగి నాడు మంట దగ్గర కూర్చుని అమ్మ, "వెంకటేశ్ సినిమా వస్తోందట కదే, హాల్లో చూడాలనుంది" అంది. ఆవిడ నోరు తెరిచి ఏదైనా కావాలని అడగడం చాలా అరుదు. డెబ్బై దాటాయి, మోకాళ్లు అరిగిపోయాయి. ఊళ్లో ఉన్న ఒక్క హాలూ ఎప్పుడో మూతపడి ధాన్యం గోడౌన్ అయింది. టౌన్లో చూద్దామంటే పండగ మూడు రోజులూ బాల్కనీ తప్ప టికెట్లు లేవు. ఆ మెట్లు ఆవిడ ఎక్కలేదు. ఆవిడను వదిలేసి వెళ్లడానికి మాకు మనసొప్పలేదు. సినిమా బాకీ ఉండిపోయింది.

మీ ఇళ్లలో పెద్దవాళ్లను హాలుకు ఎలా తీసుకెళ్తున్నారు? తెలిసినవాళ్లు చెప్పండి.

---

కోనసీమ_కొబ్బరాకు (అంబాజీపేట / బెంగళూరు)
ఫిబ్రవరి 2, మధ్యాహ్నం 1.15

పాలపిట్ట అక్కా, ముందు మీ ప్రశ్నకు జవాబు. సింగిల్ థియేటర్ అయితే బాల్కనీ వదిలేయండి. కింది తరగతిలో చివరి రెండు వరుసలు అడగండి. రోడ్డు మీద నుంచి నేరుగా లోపలికి వెళ్లిపోవచ్చు, మెట్లుండవు. తెర కూడా మరీ మెడ మీదికి రాదు. మా నాన్నమ్మను అమలాపురంలో అలాగే తీసుకెళ్లాం. ముందురోజు హాలుకు వెళ్లి పెద్దావిడ వస్తోందని చెబితే గేటు దాకా ఆటో రానిచ్చారు.

ఇక మా జనవరి. మాకు పండగంటే కనుమేనండి. జగ్గన్నతోట ప్రభల తీర్థం. చూడనివాళ్ల కోసం చెప్తాను. అక్కడ గుడి ఉండదు. కొబ్బరితోట, అంతే. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు ఏకాదశ రుద్రులుగా ప్రభల మీద ఊరేగి వచ్చి ఆ తోటలో ఒకచోట కొలువుదీరుతారు. వ్యాఘ్రేశ్వరం నుంచి వ్యాఘ్రేశ్వరస్వామి ప్రభ వచ్చేసరికి, అప్పటికే వచ్చి ఉన్న ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకెత్తుతారు. పెద్దాయన వస్తే లేచి నిలబడటం అన్నమాట.

ప్రభను వెదురూ కొయ్యా కట్టి, రంగురంగుల కొత్త బట్టలు చుట్టి, వరికంకులు, పూలు, నెమలి పింఛాలు పెట్టి తయారుచేస్తారు. మొయ్యడానికి పదుల మంది కావాలి. దారి పొలాల్లోంచే. పచ్చని వరిచేను తొక్కుకుంటూ పోతున్నా ఆ రైతు ఒక్క మాట అనడు. తన చేలోంచి స్వామి నడిచాడని సంబరపడతాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువలో దిగి దాటాలి. నీళ్లలో కాలు ఆనదు, పైన బరువు, అయినా ప్రభ ఒరగకూడదు. "అశ్శరభ శరభ" అని ఒకడు ఎత్తుకుంటే మిగతా అందరూ అందుకుంటారు. గట్టున నిలబడ్డవాళ్ల గొంతులు కూడా అందులోనే కలిసిపోతాయి. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే.

నేను బెంగళూరులో ఏడాదంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాడిని. ఆ రోజు మా నాన్న భుజం పక్కన నా భుజం పెట్టాను. రెండు వారాల దాకా వాపు తగ్గలేదు. వచ్చే ఏడాదికి కూడా సెలవు ఇప్పుడే అడిగేశాను.

సినిమా ఒకటి చూశాం, స్నేహితులతో, బాలకృష్ణది. తమన్ సౌండ్‌కు హాలు ఊగిపోయింది.

---

మొదటిఆట (హైదరాబాద్)
ఫిబ్రవరి 2, రాత్రి 9.05

సినిమాల గురించి నేను రాస్తాను, ఈ పండగవి మూడూ చూశాను కాబట్టి. 10న శంకర్-రామ్‌చరణ్‌ల "గేమ్ ఛేంజర్", 12న బాబీ-బాలకృష్ణల "డాకు మహారాజ్", 14న అనిల్ రావిపూడి-వెంకటేశ్‌ల "సంక్రాంతికి వస్తున్నాం" వచ్చాయి. మొదటిదీ మూడోదీ ఒకే నిర్మాణ సంస్థవి. ఖర్చంతా మొదటిదానికి పెట్టారు, జనం మాత్రం మూడోదానికి పోయారు. నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. పండక్కి హాలుకు వచ్చేది ఒక్కడు కాదు, కుటుంబం. తాతకూ మనవడికీ ఒకేచోట నవ్వొచ్చే సీను రాయడం ఎంత కష్టమో రాసేవాళ్లను అడగండి. మూడోదాంట్లో ఆ బుల్లిరాజు పిల్లాడు తెర మీదికి వచ్చిన ప్రతిసారీ మా వెనక వరుసలో ఒక ముసలాయన ముందుగానే నవ్వడం మొదలుపెట్టేవాడు.

రమణ గోగుల గొంతు గురించి కూడా ఒక మాట. "ప్రేమంటే ఇదేరా" రోజుల నుంచి వెంకటేశ్‌కు ఆ గొంతు అతికినట్టు ఉంటుంది. ఇన్నేళ్ల తర్వాత ఈ సినిమాకు సంగీత దర్శకుడు భీమ్స్ మళ్లీ ఆయనతో పాడించాడు. కాలేజీ పిల్లలకు ఆయన పేరు తెలియదు, పాట మాత్రం నోటికొచ్చు.

ఇంకో సంగతి. పదహారేళ్ల లోపు పిల్లలను ఉదయం 11 లోపు, రాత్రి 11 తర్వాత ఆటలకు రానివ్వొద్దని తెలంగాణ హైకోర్టు నెలాఖర్లో చెప్పింది. నేను దీన్ని సమర్థిస్తాను. నిద్ర కళ్లతో పిల్లలను ఒంటిగంట ఆటకు ఎత్తుకొచ్చేవాళ్లను చూసి చాలాసార్లు బాధపడ్డాను.

---

నాంపల్లి_నానమ్మ (హైదరాబాద్)
ఫిబ్రవరి 3, ఉదయం 7.30

నేను సినిమాకు పోలేదు బిడ్డా. నాకు జనవరి అంటే నుమాయిష్, అదే ఎగ్జిబిషన్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలై, తర్వాత నాంపల్లికి వచ్చింది. నా పెళ్లైన కొత్తలో మా ఆయన సైకిల్ మీద కూర్చోబెట్టుకొని తీసుకపోయిండు. ఇప్పుడు మనవరాలు మెట్రోలో తీసుకపోతది. కాశ్మీరోళ్ల శాలువలు, లక్నో చికన్ బట్టలు, చాట్ బండ్లు అన్నీ అట్లనే ఉన్నయి. మనవరాలు జెయింట్ వీల్ ఎక్కితే నేను కింద బెంచీ మీద కూర్చుని మిర్చి బజ్జీ తిన్న.

పండక్కి సకినాలు చేసినం. బియ్యం నానబెట్టి, పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, తెల్లబట్ట పరిచి చుట్టూ కూర్చున్నం. పిండి మెత్తగైతే చుట్టు నిలవదు, గట్టిగైతే తెగుతది. మూడు వేళ్ల మధ్య సన్నగ తిప్పుతూ వదలాలె. మొదట పసుపు గౌరమ్మను పెట్టి, తర్వాతే చుట్టుడు. మా కోడలు కర్నూలు పిల్ల, ఈసారి నేర్చుకున్నది. ఆమె చుట్టిన వరుస నా వరుస కన్నా గుండ్రంగ వచ్చింది. అది ఫోటో తీసి వాళ్లమ్మకు పంపిన.

పాలపిట్టా, మీ అమ్మను తీసుకపో. మాసొంటోళ్లం ఇంట్లకెళ్లి కదిలేదే తక్కువ.

---

పొలంగట్టు (భీమవరం దగ్గర)
ఫిబ్రవరి 3, మధ్యాహ్నం 2.20

అందరూ సంతోషాలే రాశారు. నాది కొంచెం వేరు, ఏమనుకోకండి.

మేం ఇంట్లో ఆరుగురం. పెద్ద సినిమాలకు రేట్లు పెంచుకోమని ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆరు టికెట్లు, ఆటో, ఇంటర్వెల్‌లో పిల్లలకు ఏదో ఒకటి, అన్నీ కలిపితే కూలీ ఇచ్చి ఒక పూట నాట్లు వేయించుకోవచ్చు. ఇప్పుడు మాకు దాళ్వా నాట్ల రోజులు. సినిమా మానుకున్నాం.

కోడిపందేల బరుల గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. మూడు రోజులూ మా చుట్టూ టెంట్లు, లైట్లు, మైకులు. పండగంటే అదేనని టీవీలో చూపిస్తారు. పుంజు కాలికి కత్తి కట్టడాన్ని కోర్టులు ఎప్పుడో తప్పన్నాయి. ఆ బరి పక్కనే గుండాటలో ఏడాది కష్టం పోగొట్టుకుని ఇంటికొచ్చినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. వాళ్ల పిల్లలు మా పిల్లలతో ఆడుకుంటారు. అందుకే ఆ మూడు రోజులూ మేం ఇంటి ముందు ముగ్గులు, పొద్దున్నే హరిదాసు, రాత్రి రామాలయంలో భజన, అంతటితో సరిపెట్టుకున్నాం. పిల్లలకు ఏమీ తక్కువ కాలేదు.

---

మొదటిఆట (హైదరాబాద్)
ఫిబ్రవరి 3, సాయంత్రం 6.50

పొలంగట్టు గారూ, మీ మాట కాదనలేను. టికెట్ పెంచినప్పుడల్లా ముందు హాలుకు దూరమయ్యేది మీలాంటి ఆరుగురి కుటుంబమే. ఒక్కణ్ణి వెళ్లే నాకు ఆ వంద రూపాయలు పెద్ద తేడా కాదు. కానీ కుటుంబం రావడం మానేస్తే ఊళ్లలో హాళ్లు నిలవవు. పాలపిట్ట గారి ఊళ్లో జరిగిందదే. పెంచుకునే వెసులుబాటు ఉన్నది మొదటి కొద్ది రోజులకే కాబట్టి మూడో వారంలో మామూలు రేటుకే చూడొచ్చు. ఈ సినిమా ఇంకా ఆడుతూనే ఉంది.

---

పులికాట్_గాలి (సూళ్లూరుపేట)
ఫిబ్రవరి 4, ఉదయం 6.10

మా ఊరికి ఇలాంటి జనవరి ఎప్పుడూ రాలేదు. పక్షులు, సినిమా, రాకెట్టు, మూడూ ఒకే నెలలో.

18 నుంచి 20 దాకా ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగింది. కొన్నేళ్లుగా ఆగిపోయి మళ్లీ పెట్టారు. స్టేజీ, డాన్సులు, స్టాళ్లు ఎక్కడైనా ఉండేవే. నేను చెప్పేది నేలపట్టు పక్షుల కేంద్రం గురించి. గూడబాతులు (పెలికాన్లు) అక్టోబరు నుంచి వచ్చి చెరువులో ఉన్న చెట్ల మీద గూళ్లు కడతాయి. జనవరికి పిల్లలు బాగా ఎదిగి ఉంటాయి. వాచ్ టవర్ ఎక్కి టెలిస్కోపులో చూశాను. తల్లి ముక్కు తెరిస్తే పిల్ల ఏకంగా తలంతా ఆ సంచిలోకి దూర్చేసి చేపను లాక్కుంటోంది. తల్లి మెడ అటూ ఇటూ ఊగుతోంది, అయినా వదలదు. మా అబ్బాయి వంతు వచ్చాక టెలిస్కోపు దగ్గర నుంచి కదల్లేదు, వెనక క్యూ నిలబడిపోయింది. అక్కడి ఊరివాళ్లు ఈ పక్షుల మీద రాయి పడనివ్వరు. పక్షులు వస్తే వానలు పడతాయని నమ్మకం. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువు కూడా.

శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. రెండు వైపులా నీళ్లలో రాజహంసలు (ఫ్లెమింగోలు) గుంపులుగా నిలబడి ఉంటాయి. దయచేసి హారన్ కొట్టకండి, డ్రోన్లు ఎగరేయకండి. గుంపు లేచినప్పుడు ఫోటో బాగుంటుందని కొందరు కావాలని అదిలిస్తున్నారు. వేల మైళ్లు వచ్చే పక్షులున్న సరస్సు ఇది. వాటిని మేత మేయనివ్వండి.

సినిమాకు బయటి ఊళ్ల నుంచి కూడా మా దగ్గరికే వస్తారు. 2019లో కట్టిన వి ఎపిక్ హాల్లో తెర వెడల్పు వంద అడుగుల పైమాటే. చెన్నై నుంచి వచ్చిన మా బావావాళ్లకు పొద్దున పక్షులు, సాయంత్రం సినిమా చూపించాం.

నెలాఖర్న, 29వ తేదీ తెల్లవారి 6.23కు జీఎస్‌ఎల్‌వీ ఎఫ్15 రాకెట్టు పైకి వెళ్లింది. శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం. మా మిద్దె మీద ఇరుగుపొరుగు అంతా చేరారు. మొదట వెలుగు కనిపిస్తుంది. అది మేఘంలోకి వెళ్లాక గానీ చప్పుడు మాదాకా రాదు. వచ్చిందంటే కిటికీ అద్దాలు గలగలమంటాయి. 1979 ఆగస్టులో మొట్టమొదటి ప్రయోగాన్ని మా నాన్న ఇదే ఊళ్లో చూశాడు. ఆనాడు అది సముద్రంలో పడిపోయిందని చెబుతూ, వందోది పైకి పోతుంటే చేతులు జోడించాడు. ఉపగ్రహంలో వాల్వులు తెరుచుకోక అనుకున్న కక్ష్యలోకి చేర్చలేకపోతున్నామని ఇస్రో మొన్న ఆదివారం ప్రకటించింది. ఆ వార్త చదివి నాన్న, "రాకెట్టు తన పని చేసింది, మిగతాది కూడా చేసుకుంటారులే" అన్నాడు.

---

మంచులో_మామిడిపండు (డల్లాస్)
ఫిబ్రవరి 4, రాత్రి 10.45

ఇక్కడ 9, 10 తేదీల్లో మంచు తుఫాను. బడులు మూసేశారు. రామ్‌చరణ్ సినిమా ప్రీమియర్ సరిగ్గా 9 సాయంత్రమే. మా వారు వెళ్తానంటే, ఈ రోడ్ల మీద వద్దని ఆపేశాను. పిల్లలతో కలిసి మంచులో ఆడి, వచ్చి వేడివేడి పెసరట్లు తిన్నాం.

మా చిన్నదానికి భోగిపళ్లు పోశాం. ఇక్కడ జనవరిలో రేగుపళ్లు ఎక్కడ దొరుకుతాయి? చైనా దుకాణంలో ఎండు రేగుపళ్లు దొరికితే నీళ్లలో నానబెట్టి, పూలరేకులు, శనగలు, చిల్లర నాణేలు కలిపాం. అమ్మ వీడియో కాల్‌లో దిష్టి ఎలా తీయాలో చెప్పింది. పక్కింటి తమిళ ఆవిడ తన మనవణ్ణి కూడా తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టింది, ఇద్దరికీ కలిపే పోశాం.

వెంకటేశ్ సినిమా మాత్రం ఆదివారం మ్యాట్నీకి చూశాం. నాలుగు తెలుగు కుటుంబాలు, ఒక వరుస మొత్తం మాదే. ఇంట్లో తెలుగులో మాట్లాడితే ఇంగ్లిష్‌లో జవాబిచ్చే మా పెద్దాడు బయటికొచ్చాక గోదావరి యాసలో డైలాగులు చెప్పడం మొదలుపెట్టాడు. రెండు రోజులు అదే పని. నేను కూడా అదే యాసలో బదులిస్తూ పోయాను.

---

వరాహతీరం (అనకాపల్లి జిల్లా)
ఫిబ్రవరి 5, ఉదయం 11.00

రిపబ్లిక్ డే పరేడ్‌లో ఏటికొప్పాక బొమ్మల శకటం చూశారా? దానికి మూడో బహుమతి వచ్చింది. టీవీలో చూసి మా పిల్లలు గోల చేస్తే, పక్క మండలమే కదా అని మళ్లీ తీసుకెళ్లాను. అంకుడు కర్ర మీద లక్క రంగు ఎక్కించడం కళ్లారా చూడాలి. మర తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తారు, ఆ రాపిడి వేడికి రంగు కరిగి కర్రకు పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేని రంగులు, చెట్ల గింజలు, వేళ్ల నుంచి తీసినవి. అక్కడే కొనండి. డబ్బు చేసినవాళ్ల చేతికే చేరుతుంది.

---

ఉట్నూరు_టీచర్ (ఆదిలాబాద్ జిల్లా)
ఫిబ్రవరి 6, రాత్రి 8.30

మా దగ్గర నెల ముగిసింది గోండుల నాగదేవుడు నాగోబా జాతరతో. పుష్య అమావాస్య రాత్రి, 28న కేస్లాపూర్‌లో మహాపూజ. అంతకు ముందే మెస్రం వంశంవాళ్లు గోదావరి మీది హస్తినమడుగు దాకా కాలినడకన పోయి గంగాజలం తెస్తారు. వచ్చి మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. పూజకు వాడే కుండలు సిరికొండ కుమ్మరులు చేసిచ్చినవే. గోండుల పండగకు కుమ్మరుల చెయ్యి ఉండాల్సిందే, తరాల నుంచి అంతే.

మా బడిలో పదో తరగతి పిల్ల ఒకతి, వాళ్ల వదినను ఈసారి "భేటింగ్"కు తీసుకొచ్చారని చెప్పింది. కొత్త కోడలు తెల్లచీర కట్టుకుని, ముసుగు వేసుకుని దేవుడికి, పెద్దలకు పరిచయం అయ్యే ఆచారం అది. అప్పటి నుంచే ఆ ఇంటి కోడలికి నాగోబా పూజలో పాలుపంచుకునే హక్కు దక్కుతుంది. జాతరలో జరిగే దర్బారు 1940లలో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రోజుల్లో మొదలైంది, కొమురం భీం చనిపోయిన తర్వాత. ఈసారి కూడా జనం అర్జీలతో గంటలు గంటలు కూర్చున్నారు. రోడ్డు, తాగునీరు, పట్టాలు. వాళ్ల వెనక నిలబడి అర్జీలు రాసిపెట్టే పని నాది. అదే నాకు ఈ నెలలో పెద్ద పని, మంచి పని కూడా.

---

పాలపిట్ట (విజయవాడ)
ఫిబ్రవరి 8, శనివారం, రాత్రి 11.20

కొబ్బరాకు తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే చేశాం. ఈరోజు మ్యాట్నీ, కింది తరగతి, చివరి వరుస, మామూలు రేటు. అమ్మకు చివరి కుర్చీ ఇచ్చి కాళ్లు నడవలోకి చాపుకోనిచ్చాం. తెర కన్నా ఎక్కువగా ఆవిడనే చూశాను. పొలంగట్టు గారూ, జనం పల్చగా ఉన్నారు, తోపులాట లేదు. మీ పిల్లలను ఈ వారంలో తీసుకెళ్లండి, రేటు సంగతి మొదటిఆట గారు చెప్పింది నిజమే.

---

పొలంగట్టు (భీమవరం దగ్గర)
ఫిబ్రవరి 9, ఉదయం 6.45

నాట్లు శుక్రవారంతో అయిపోయాయమ్మా. ఈరోజు ఫస్ట్ షోకు వెళ్తున్నాం, ఆరుగురమూ.

---

సూర్యాపేట_బైపాస్
ఫిబ్రవరి 9, ఉదయం 9.10

నేను జనవరిలో ఎక్కడికీ పోలేదు. పండగ ముందు పంతంగి టోల్ దగ్గర కార్లు బారులు తీరిన వీడియోలు చూసి, మా చుట్టాలనే ఇటు రమ్మన్న. ఇప్పుడు మా వంతు. ఈ నెల 16 నుంచి 20 దాకా దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతుల జాతర, రెండేళ్లకోసారి వచ్చేది. గట్టు హైవే పక్కనే కాబట్టి ఆ ఐదు రోజులు హైదరాబాద్-విజయవాడ బండ్లను వేరే దారిలో మళ్లిస్తారు. అటు ప్రయాణం ఉన్నోళ్లు ముందే చూసుకొని బయలుదేరండి. జాతరకే వచ్చేటట్టయితే ఇక్కడ రాయండి, భోజనం మా ఇంట్లనే.